గడీ గోడకు సిమెంటు

ఇది ఎప్పుడో రాయాల్సింది. నాకు అక్షరాలు రాలేదు. బడికి పోవాల్సిన వయసులో అమ్మతో కలిసి గడీలో సున్నం కలిపాను. వేళ్లు పగిలి పుండ్లయ్యేవి. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకున్నాను.

మా ఊరు కోరుట్లకూ మేడిపల్లికీ మధ్య. దొరలుండిన కోటలాంటి ఆ గడీకి రాయితో, సున్నంతో కట్టిన మందపాటి గోడలు. ఏటా వానలకు ముందు అమ్మ గోడ మొదట్లో మట్టి తవ్వి, నీళ్లు అవతలికి పోయేలా వాలు చేసేది. వానలయ్యాక చౌడు పట్టిన సున్నం గీకి కొత్తది పూసేది. గోడలోకి ఎక్కిన తడి ఆ సున్నంలోంచే ఆరిపోయేది. అంతే విద్య. దీనికి ఏ ఇంజనీరూ పుట్టాల్సిన పనిలేదు.

హైదరాబాదులో ఉండే దొర మనవడు గడీని ఫంక్షన్ హాలు చేస్తానని వచ్చి, పని మా తమ్ముడికి ఇచ్చాడు. వాణ్ని మస్కట్ కంపెనీ అప్పుడే ఇంటికి పంపింది. ఈ పని నిలబడితే ఊళ్లోనే మేస్త్రీగా ఉంటాడు. లేకపోతే మళ్లీ గల్ఫే. పదకొండేళ్లు వాడి తల్లిలేని పిల్లల్ని సాకింది నేను.

వాడు వాకిలి ఎత్తు పెంచి కాంక్రీటు పోశాడు. గోడకు మనిషెత్తు సిమెంటు మెత్తాడు.

"ఒరేయ్, తడి యాడికెల్లి పోతదిరా?" అన్నాను.

"అక్కా, జర సప్పుడు చెయ్యకు. మస్కట్‌ల ఇరవై అంతస్తులకు ప్లాస్టర్ కొట్టిన. గీ గడీ నాకొక లెక్కనా?"

"ఆడ వాన ఎన్నొద్దులు పడ్తది?"

వాడు నవ్వాడు. "ఆడ వానేడిది? చెమటనే."

"మరి నీళ్ల సంగతి నీకెవలు చెప్పిండ్రు?"

పనివాళ్లు నవ్వారు. వాడు ముఖం తిప్పుకుని తాపీ కడుక్కున్నాడు.

శ్రావణంలో వానలు దంచాయి. కాంక్రీటు వాకిట్లో నీళ్లు పోయే దారి లేక గోడ మొదట్లోనే నిలిచాయి. సిమెంటు కింద ఆరలేని తడి, దాన్ని దాటి పైకెక్కి దూలాల దాకా పోయింది. దొర మనవడు వచ్చి బూజు వాసనకు ముక్కు మూసుకున్నాడు.

"ఇంకో కోటింగ్ రంగు వేయించు. దసరాలోపు బాగు కాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటా," అన్నాడు.

తడిని రంగుతో బెదిరించే పెద్దమనిషి! వాళ్ల తాత నోరు చెడ్డదే గానీ, గోడ జోలికి మా అమ్మను అడగకుండా పోలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు పాస్‌పోర్టు తెచ్చి మా గూట్లో పెట్టాడు. "రేపు జగిత్యాల పోతున్న అక్కా, ఏజెంటు తానికి."

"పో. ఎడారిల గోడలు నీకోసం ఏడుస్తున్నయి."

వాడు అన్నం తినకుండానే పడుకున్నాడు. వాడి చిన్న బిడ్డ మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే పాస్‌పోర్టును కవరులో చుట్టి పసుపు డబ్బా అడుగున దాచాను. సుత్తె, రెండు ఉలులు తీసుకుని గడీకి పోయాను. ఎవరినీ అడగలేదు. నాలుగు దెబ్బలకే సిమెంటు పెంకులా ఊడి పడింది. వెనకాల సున్నం ముద్దలా తడిసి ఉంది. పాస్‌పోర్టు కోసం వాడు వెతుక్కుంటూ వచ్చాక దానికి బదులు చేతికివ్వాలని, రెండో ఉలిని గడప మీద పెట్టుకుని కొడుతూనే ఉన్నాను.