మధ్యాహ్నం మాత్రమే కిందికి జారే విమానం

రెండు వేల ఇరవై మూడు, మే నెల. విశాఖ ఎయిర్‌పోర్టులో ఓ మూలగా రేకుల కప్పున్న చిన్న హ్యాంగర్. అందులో మా కంపెనీవి రెండు చిన్న విమానాలుండేవి. ఒక్కోదానికి ఒకే ఇంజను, నాలుగేసి సీట్లు. ఒకదాని పొట్ట కింద కెమెరా బిగించి తీరం వెంబడి ఫొటోలు తీసేవాళ్లం. నేను ఏవియానిక్స్ వాణ్ణి. అంటే విమానంలో కరెంటుతో నడిచేవన్నీ నావే: రేడియోలు, మీటర్లు, ఆటోపైలట్. ఇరవై ఏళ్లుగా ఇదే పని. పట్టుకున్న లోపాల్లో సగం మర్చిపోయాను కూడా. ఇది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జిల్లుమంటుంది. కొంచెం సిగ్గూ వేస్తుంది, అది తర్వాత చెప్తాను.

ఆటోపైలట్ అనగానే ఏదో రోబో కూర్చుని నడిపేస్తుందనుకుంటారు. మా చిన్న విమానంలో అంత సీను లేదు. ముందు ప్యానెల్లో అరచేతి మందాన ఓ పెట్టె, అది కంప్యూటర్. తోకలో ఇంకో పెట్టె, అది సర్వో. సర్వో అంటే ఒక మోటారు, దానికి గిలకలాంటి చిన్న చక్రం, ఆ చక్రానికి చుట్టిన సన్నటి ఉక్కు తాడు. విమానాన్ని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ కేబుల్‌కి ఆ తాడు బిగించి ఉంటుంది. పైలట్ ‘ఆల్టిట్యూడ్ హోల్డ్’ బటన్ నొక్కితే, అప్పుడున్న ఎత్తులోనే విమానం నిలబడాలి. ఎత్తు తగ్గితే కంప్యూటర్ పసిగట్టి సర్వోకి కరెంటు పంపుతుంది, సర్వో తాడు లాగుతుంది, విమానం మళ్లీ పైకి వస్తుంది.

ఆ కెమెరా విమానం నడిపేది కెప్టెన్ నసీమా. పాతవూళ్లో తాళాల కొట్టువాళ్ల అమ్మాయి. మాట పదును, చెయ్యి మెత్తన. ఫొటోల్లో నీడలు పడకూడదని రోజూ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే ఎగరాలి, అదీ కచ్చితంగా మూడు వేల అడుగుల ఎత్తులో. వరసగా మూడు రోజులు ఆమె లోపాల పుస్తకంలో ఒకటే రాసింది: ‘ఆల్టిట్యూడ్ హోల్డ్ నిలవడం లేదు, విమానం కిందికి జారుతోంది.’ మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా ఎండెక్కకముందే నేను వచ్చి, వైర్లన్నీ మీటరు పెట్టి చూసి, బటన్ నొక్కితే తాడు చక్కగా లాగుతుంటే, కింద ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. అలా మూడుసార్లు రాశాను.

బుధవారం ఆమె పుస్తకం పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది.

“ఏటండీ అప్పలరాజు గారూ, మళ్లీ అదే రాసేరు?”

“నాను సూసినప్పుడు బాగానే ఉన్నాది మేడమ్. లేని రోగం ఉన్నాదని ఎలగ రాత్తాను?”

“మీకు బాగానే ఉంటాది. ఎత్తు తప్పిందని ఫొటోలన్నీ వెనక్కొచ్చేసేయి. లోపం లేదని మీరు రాసేరు కాబట్టి, నాకు నడపడం రాదని మేనేజర్ గారు తేల్చేసేరు. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచి వేరే పైలట్ వత్తన్నాడు. తెలుసా మీకు?”

నాకు తెలియదు. నిజంగా తెలియదు.

“ఒక్కపాలి నాతో రండి. మీ ఏడింటికి కాదు, నా పన్నెండింటికి రండి.”

నాకు రోషం వచ్చింది. అందులో సగం ఆమె మీద, సగం ఆ సర్వో మీద. గురువారం పొద్దున్న ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి, సర్వో మోటారుకి వెళ్లే తీగల దగ్గర్నుంచి రెండు సన్నటి వైర్లు లాగి, ఒక మీటరు నా ఒళ్లోకి తెచ్చుకున్నాను. కంప్యూటర్ సర్వోకి ఎంత కరెంటు పంపుతోందో ఆ మీటరు చెబుతుంది. పన్నెండున్నరకి గాల్లోకి లేచాం. ఎండలో నిలబెట్టిన విమానం, లోపల పొయ్యిలా ఉంది. హార్బర్ క్రేన్లు, గంగవరం బొగ్గు కుప్పలు దాటి కూర్మన్నపాలెం మీదికి వచ్చేసరికి ఉక్కు ఫ్యాక్టరీ వేడిగాలి కింది నుంచి ఎత్తెత్తి కుదేస్తోంది.

“ఇప్పుడు సూడండి,” అని నసీమా బటన్ నొక్కి, యోక్ మీంచి చేతులు తీసేసింది. కారుకి స్టీరింగ్ ఎలాగో విమానానికి యోక్ అలాగ.

మూడు వేలు. రెండు వేల తొమ్మిది వందల అరవై. రెండు వేల తొమ్మిది వందల ఇరవై. జారుతోంది! నా ఒళ్లో మీటరు చూద్దును కదా, అంకె పెరుగుతోంది. విమానం కిందికి పోయేకొద్దీ కంప్యూటర్ లాగమని గింజుకుంటోంది. యోక్ మాత్రం ఉలకదు, పలకదు. మూడు రోజులుగా నేను వైర్లని అనుమానించాను. వైర్లు మహా నిజాయితీగా పని చేస్తున్నాయి!

“దొరికింది మేడమ్!” అని హెడ్‌సెట్లో అరిచాను.

“అల్లా! సెవులు పోయేయి. ఏటి దొరికింది?”

“ఏటన్నది తెలీదు. ఎక్కడన్నది దొరికింది!”

ఆమె పడీపడీ నవ్వింది. వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

దిగీ దిగగానే సన్యాసిరావు దగ్గరికి పరిగెత్తాను. అతను ఎయిర్‌ఫ్రేమ్ మెకానిక్, అంటే కేబుళ్లు, గిలకలు, రెక్కలు అతనివి. పద్మనాభంలో పొద్దున్నే వరి చేను చూసుకుని బండి మీద డ్యూటీకి వస్తాడు. మా పనిలో ఒక గీత ఉంది: వైరు నాది, కేబుల్ అతనిది. ఒకరి గీత ఇంకొకరం దాటం. ఆ మర్యాద వల్లే మూడు రోజులూ అతన్ని నేను ఒక్క మాట అడగలేదు.

అంతా విని అతను తాపీగా టీ తాగాడు. “మోటారు తిరుగుతాది, తాడు కదల్దు. అంతే గదా బావా? మా పంపుసెట్టుకీ అదే రోగం. బెల్టు మీద సమురు పడితే మోటారు గిర్రుమంటాది, నీరు సుక్క రాదు.”

“ఇందల బెల్టు లేదు బావా.”

“బెల్టు లేపోతే మరి జారీది ఏటున్నాది?”

జారేది ఉంది. దాని పేరే స్లిప్ క్లచ్. మోటారుకీ చక్రానికీ మధ్య ఒకదానికొకటి అదుముకునే పలకలు ఉంటాయి. ఆటోపైలట్‌కి పిచ్చెత్తితే పైలట్ చేత్తో బలంగా లాగి గెలవాలి కదా, అందుకని ఆ పలకలు ఒక హద్దు వరకే పట్టుకుని ఆపైన జారతాయి. ఆ హద్దు తగ్గిపోతే గాలి కాస్త మొరాయించినా జారిపోతాయి. షెడ్డులో నిలబడ్డ విమానానికి గాలి ఒత్తిడే ఉండదు, కాబట్టి నా పరీక్ష ఎప్పుడూ పాసే.

ఇద్దరం తోక మూత విప్పాం. లోపల చెయ్యి పెడితే కాలుతోంది. చక్రం పట్టి తిప్పాను. మెత్తగా తిరిగింది. సీటు కింద రెక్కలకీ ఇలాంటిదే ఇంకో సర్వో ఉంటుంది, దాన్నీ తిప్పి చూశాను. అది బండలా ఉంది. టార్క్ రెంచ్ పెట్టి కొలిస్తే తోకదాని పట్టు ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు. గంతులేసినంత పని చేశాను. అప్పుడు నా వేళ్లు చూసుకున్నాను. జిడ్డు. వాసన చూశాను. తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే.

ఆ స్ప్రే కొట్టింది నేనే.

మాది జాలరిపేట. వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఇసక మీదికెక్కితే, మా నాన్న ఇంజను దగ్గర్నుంచి మేకు దాకా అన్నిటికీ చమురు పట్టించేవాడు. “ఇనుము అవుపడితే సమురు రాసీ బాబూ. సముద్రం సూత్తన్నాది,” అనేవాడు. ఉప్పుగాలిలో పుట్టినవాడికి ఆ భయం చేతుల్లోనే ఉంటుంది. మార్చిలో తనిఖీకి తోక విప్పినప్పుడు నా సర్వో తాడు కేబుల్‌ని పట్టుకునే బిగింపు మీద ఆవగింజంత తుప్పు కనబడింది. గుడ్డతో పల్చగా తుడవాలి, సర్వోకి అడ్డం కప్పాలి, అదీ పుస్తకంలో పద్ధతి. నేను అరడబ్బా స్ప్రే కొట్టాను. కప్పలేదు. అది కేబుల్ మీద ఆరి మైనంలా పేరుకుంది. మే ఎండకి మెత్తబడి, తాడు వెంబడి పాకి, క్లచ్ పలకల్లోకి దిగింది. పొద్దున్న ఏడింటికి గట్టిగానే ఉండేది. మధ్యాహ్నానికి కరిగి జారేది. రోజూ చల్లారాక చూసి ‘లోపం లేదు’ అని ఆ అమ్మాయి మొహాన రాసింది నేను! అంతసేపటి హుషారూ ఒక్కసారిగా దిగిపోయింది.

చమురు తాగిన పలకలు తుడిస్తే బాగుపడవు. స్టోర్లో కొత్త క్లచ్ ఒకటుంది. బిగించాం, కొలిచాం, తాడు బిగువు సరిచూశాం. ఎలివేటర్ కేబుల్ జోలికి వెళితే రెండో మనిషి కూడా చూసి సంతకం పెట్టాలని రూలు, సన్యాసిరావు మూడుసార్లు చూసి పెట్టాడు. నేను పుస్తకం తెరిచి కారణం అన్న గడి దగ్గర ఆగాను.

మేనేజర్ గారు నా భుజం వెనక నిలబడ్డారు. “అరుగుదల అని రాసేయండి అప్పలరాజు గారూ. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

అబద్ధం చెప్పను, నాకూ అదే రాయాలనిపించింది. ఇరవై ఏళ్ల పేరు. కానీ అరుగుదల అని రాస్తే రెండో విమానం తోక ఎవరూ విప్పరు. మార్చిలో దానికీ అరడబ్బా కొట్టాను. ‘నేను అతిగా కొట్టిన స్ప్రే క్లచ్‌లోకి దిగడం వల్ల’ అని రాసి సంతకం పెట్టాను. రెండో విమానం విప్పి చూస్తే అప్పటికే తాడు సగం దూరం తడిసి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఉక్కు ఫ్యాక్టరీ మీద ఉన్నాం. వేడిగాలి కుదేస్తోంది. నసీమా బటన్ నొక్కి రెండు చేతులూ పైకెత్తింది. మూడు వేలు. విమానం ఊగింది, యోక్ దానంతటది కదిలి సర్దుకుంది. మూడు వేలు. మళ్లీ ఊగింది. మూడు వేలే!

“నిలబడ్డాది! అప్పలరాజు గారూ, నిలబడ్డాది!” అని ఆమె అరుస్తుంటే ఈసారి చెవులు నావి పోయాయి. కావాల్సిన ఫొటోలన్నీ తీసుకుని దిగాం. వాటిని చూసి మేనేజర్ గారు హైదరాబాద్‌కి ఫోన్ చేసి ఆ పైలట్‌ని రావద్దన్నారు.

అప్పట్నుంచి పైలట్ ఏ వేళకి తప్పిందంటే ఆ వేళకే పరీక్ష చేస్తాను. స్ప్రే డబ్బా ముట్టుకునే ముందు సన్యాసిరావుని పిలుస్తాను, గీతా లేదు గాడిదగుడ్డూ లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం సంతకం కోసం నసీమా లోపాల పుస్తకం తెరిచింది. నేను రాసిన గడి మీద వేలు పెట్టి చదివింది.

“మీ తప్పని మీరే రాసీసుకున్నారేటండీ? అరుగుదలని రాసీవలసింది. ఎవరికి తెలుత్తాది?”

“లోపం లేదని మూడుపాలీలు రాసేను మేడమ్. లోపం మీదని రాసినట్టే గదా అది,” అన్నాను. “నాలుగోపాలి నాదని రాసేను.”