ఆపే మీట

జహీరాబాద్ బస్టాండు వెనక చిన్న కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతాను. "ప్రోగ్రాం నడిపించడం ఎవరికైనా వస్తుంది, ఆపడం రావాలి" అని పిల్లలకు పాఠాలు చెప్పేంత ఘనుణ్ణి. ఆ ఘనత ఏపాటిదో మా కొత్త ఇంటి గృహప్రవేశం దగ్గర పడ్డప్పుడు తేలిపోయింది.

మా వైపు శుభకార్యానికి ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. ఎండలో అంత తిరుగుడు నావల్ల కాదనుకుని, ఫోనులో ఉన్నవాళ్లందరికీ వాట్సాప్‌లో ఆహ్వానం పంపే స్క్రిప్టు ఒకటి రాశాను. అది ఒక్కో పేరు తెరిచి, మనిషి టైపు చేసినట్టే చేసి పంపేస్తుంది. మధ్యలో ఆపాలంటే క్యూ అక్షరం మీట నొక్కితే చాలు. ఇదంతా నా భార్యకు గొప్పగా చూపించాను.

"కోహీర్ బావోళ్లకు గూడ గిట్లనేనా?" అంది.

"ఛ, అన్నకు మనమే పోయి చెప్దాం" అన్నాను.

కిందటి ఎండాకాలం బోరు నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి, అన్నకూ నాకూ పలకరింపులు లేవు. సొంత అన్నను ఫోనులో పిలవడమంటే రావద్దని చెప్పడమే. ఆయన లేకుండా కొత్తింట్లో పాలు పొంగించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అయినా ఎదురుపడటానికి మొహం చెల్లక రోజులు నెట్టుకొస్తున్నాను.

స్క్రిప్టు సాఫీగా సాగింది. నేను కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతూ చూస్తున్నాను. మావాళ్లందరిలాగే నేనూ ఫోనులో ఊరి పేరు ముందు రాసుకుంటాను. స్క్రిప్టు ఆ పేర్లను అక్షరక్రమంలో కింది నుంచి పైకి తీసుకుంటోంది. మొగుడంపల్లి చెరుకు కాకా అయిపోయాడు. తెర మీద కోహీర్ అల్లం సేటు కనబడగానే గుర్తొచ్చింది. జాబితాలో అన్న పేరు తీసేయడం మరిచిపోయాను. తర్వాతి పేరు 'కోహీర్ అన్న'.

క్యూ నొక్కాను. ఆగలేదు. గట్టిగా నొక్కితే భయపడుతుందేమోనని ఇంకా గట్టిగా నొక్కాను. నేను రాసిన పద్ధతిలో, ఆ నొక్కుడు స్క్రిప్టు నడిచే నల్ల కిటికీలో పడితేనే దానికి తెలుస్తుంది. అప్పుడు ముందున్నదేమో వాట్సాప్. నా క్యూలన్నీ పోయి అన్న ఆహ్వానంలో పడుతున్నాయి. కంగారులో ఛార్జర్ పీకేశాను. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుందని పిల్లలకు మొదటి రోజే చెప్పే మహానుభావుణ్ణి నేనే. మూత మూయాలని తోచేసరికి జరగాల్సింది జరిగిపోయింది. చెరిపేద్దామని ఫోను తీస్తే నీలం టిక్కులు పడి ఉన్నాయి.

తెల్లారగానే కుంకుమ భరిణెతో నా భార్యను బండి ఎక్కించుకుని కోహీర్ వెళ్లాను. అన్న వాకిట్లో కూర్చుని విత్తనపు అల్లం ఏరుతున్నాడు. లేవలేదు. ఫోను నా ముందు పెట్టాడు. 'తమరు సకుటుంబంగా' తర్వాత వరసగా క్యూలే.

"గిదేందిరా?"

క్లాసులో చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాను. కిటికీలు, మీటలు, ఏది ఎక్కడ పడితే ఎవరికి తెలుస్తుందో అన్నీ వివరించాను. అన్న ఓపిగ్గా విన్నాడు.

"అంటే నాకు రాకుంట ఆపబోయినవ్."

"అవునన్నా. నేనే వచ్చి పిలుద్దామనుకున్న."

"వచ్చి పిలిచేటోనివైతే, గా పేర్లల్ల నా పేరెందుకుందిరా?"

మరిచిపోయానని చెప్పబోయి ఆగిపోయాను. మరిచానో, ఎలాగోలా ఆ పిలుపు నా చేతులు దాటిపోతే బాగుండునని లోపల అనుకున్నానో నాకే తెలియలేదు. ఈలోగా వదిన బయటికి వచ్చింది. నా భార్య ఆమెకు బొట్టు పెట్టింది.

అన్న చేతుల మట్టి దులుపుకుని అటు తిరిగాడు.

"పాలు పొంగిచ్చేది ఎన్ని గంటలకు బిడ్డా?" అని నా భార్యను అడిగాడు. నన్ను అడగలేదు.