కాల్చమన్నారు, కాల్చలేదు

ఆ సరిహద్దు పోస్టుకు నేను చేరింది నవంబరు రెండో వారంలో, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు. కింది క్యాంపు నుంచి ఆరు గంటల నడక. ఎత్తు పదమూడు వేల అడుగులు. మోకాలి లోతు మంచు. రెండు బంకర్లు, పదకొండు మంది మనుషులు. నా కాలు ఏడో నంబరు. స్టోరు హవల్దారు తొమ్మిదో నంబరు బూట్లిచ్చాడు. "రెండు జతల మేజోళ్లు తొడుక్కో, సరిపోతాయి" అన్నాడు. నా వైపు చూడను కూడా లేదు. అవి సరిపోలేదు. పంతొమ్మిదేళ్లయింది, ఇంకా గుర్తుంది.

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం మూడు యాభై. సెంట్రీ నేను. పొగమంచులో ముప్ఫై గజాల అవతల ఏమీ సరిగా కనబడడం లేదు. పోస్టు నియమం ఒకటే: వచ్చేవాడు రాళ్ల గుట్ట దగ్గర ఆగి, రెండు చేతులూ పైకెత్తాలి. ఎత్తకపోతే మూడు కేకలు, తర్వాత తూటా.

ముగ్గురు వచ్చారు. గుట్ట దగ్గర ఆగారు. చేతులు చెవుల పక్కన పెట్టుకుని నిలబడ్డారే గాని పైకెత్తలేదు. మూడుసార్లు కేకేశాను. ఎదురుగాలి. నా కేక వాళ్లకు చేరలేదు. పోస్టు కమాండరు సుబేదారుకు ఫోన్ చేశాను.

"సాబ్, ముగ్గురు. చేతులెత్తడం లేదు."

"రేషన్ పార్టీయా?"

"వాళ్లు రేపు రావాలి సాబ్."

"మూడుసార్లు అరిచావా?"

"అరిచాను."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు? కాల్చు."

సేఫ్టీ తీశాను. వేలు ట్రిగ్గరు మీద పెట్టాను. అప్పుడు గాలిలో కిరోసిన్ వాసన వచ్చింది. మా మీదికి వచ్చేవాడు కిరోసిన్ మోసుకుని రాడు. వేలు తీశాను.

మావాళ్లే. వంటవాడు, ఇద్దరు జవాన్లు. తుఫాను వస్తుందని ఒక రోజు ముందే బయలుదేరారు. వైర్‌లెస్ సెట్టు బ్యాటరీ అయిపోయి చెప్పలేకపోయారు. వీపు మీద ఇరవై లీటర్ల డబ్బాలు, నుదుటికి పట్టీ. చేతులు పట్టీని వదిలితే డబ్బా పడిపోతుంది. ఆ నియమం రాసినవాళ్లు ఎప్పుడూ డబ్బా మోసి ఉండరు.

సుబేదారు మెచ్చుకోలేదు. "వాసన చూసి డ్యూటీ చేస్తావా? వాళ్లు మనవాళ్లు కావడం నీ అదృష్టం" అన్నాడు. నా ఫైల్లో 'ఆజ్ఞ పాటించడంలో జాప్యం' అని రాశారు. నాయక్ పట్టీ, అంటే ప్రమోషన్, రెండేళ్లు ఆలస్యమైంది. మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికే జవాబు వచ్చింది, అర్జీ అందిందని.

పోయిన నెల తిరువూరులో ఒక సినిమా చూశాను. పక్కన మా బావమరిది, ఎ.కొండూరులో టీచరు. సినిమాలో దేశం రెండు ముక్కలవుతుంది. రోడ్డు మీద చెక్‌పోస్టు. నువ్వు ఎటువైపని సిపాయి ప్రతివాడినీ అడుగుతుంటాడు. బురదలో అతని బూట్లు మెరుస్తున్నాయి. సేఫ్టీ తీయకుండానే తుపాకీ పేలుతోంది. అదే చెప్పాను.

"బావా, సినిమా చూడనివ్వండి" అన్నాడు మా బావమరిది.

ఒక లారీ ఆగలేదు. ఆఫీసరు కాల్చమన్నాడు, సిపాయి కాల్చాడు. హాల్లో ఈలలు. లారీలో ఉన్నది ఆ సిపాయి ఊరివాళ్లే, పరుపు చుట్టలతో. ఆ తర్వాత కాసేపు తెర మీద ఏ శబ్దమూ లేదు. అదొక్కటి సరిగ్గా తీశారు. ఈలలు కూడా ఆగిపోయాయి.

"ఆర్డరొచ్చాక ఏం చేస్తాడండి, పాపం. మీరైనా కాల్చేవాళ్లేగా?" అన్నాడు మా బావమరిది. బావకి ప్రమోషన్ లేటని పెళ్లిళ్లలో నలుగురికీ చెప్పింది ఇతనే. ఎందుకు లేటైందో ఒక్కసారీ అడగలేదు.

"నాకూ ఆర్డరొచ్చింది. కాల్చలేదు" అన్నాను.

అతను తెర వైపు చూడడం మానేశాడు. "ఎప్పుడూ చెప్పలేదేంటి బావా?"

"నువ్వు అడగలేదు."

నా ఫైల్లో రాసింది అన్యాయమే. నాలుగో అర్జీ కూడా పెడతాను. కానీ ఆ కుర్చీలో కూర్చుని, ఆ 'జాప్యం' అన్న మాట నా పేరు మీద ఉన్నందుకు మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకున్నాను. ఆ సిపాయి ఫైలు శుభ్రంగా ఉంటుంది.

అప్పట్లో పద్నాలుగు నెలలకు పోస్టు దిగాను. విజయవాడ దాకా రైలు, తిరువూరుకి బస్సు. ఆ పోస్టు నుంచి నాతో వచ్చిన జ్ఞాపకం ఒక్కటే. నేను కాల్చని ఆ రోజు, బంకరు గుమ్మం దగ్గర వంటవాడి వేళ్లు కొయ్యబారిపోయాయి. నుదుటి పట్టీ ముడి విప్పుకోలేకపోయాడు. "నువ్వే తియ్యి తమ్ముడూ" అని నా ముందు తల వంచి నిలబడ్డాడు.