దేవుడి మీదుగా వెళ్లిన మాట

ఈ ఉదయం పేపరు మడత విప్పకుండా టీపాయ్ మీదే ఉంది. నిన్న బందరు చర్చిలో పురుషుల ప్రార్థన కూడికకు వెళ్లొచ్చిన నాన్న, ఇకపై కుటుంబ ప్రార్థన తానే నడిపిస్తానని, అందరూ వంతులవారీగా పైకి ప్రార్థించాలని తీర్మానించారు.

మొదటి వంతు ఆయనదే.

"ప్రభువా, మా అమ్మాయికి ఆ గుడివాడ సంబంధం ఒప్పుకునే మనసు దయచేయి తండ్రీ."

తర్వాత నా వంతు. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ప్రభువా, మా నాన్నగారికి ముందు నన్ను అడిగే మనసు దయచేయి తండ్రీ."

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది అమ్మ.

నాన్న చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "సరేనమ్మా, అడుగుతున్నాను. నీకిష్టమేనా?"

"ఆలోచించుకుని చెప్తాను నాన్నా."

ఎదురెదురుగా కూర్చుని దేవుడి ద్వారా మాట్లాడుకునే ఇల్లు మాదొక్కటేనా? మీరూ చెప్పండి.

గుడివాడ అబ్బాయి ఫోటో నాకు మొన్ననే నచ్చింది.