ప్రీపోన్ బాలమణి

బాలమణి ఆఖరుసారి చేసిన మామూలు పని, ఒక బస్సును అరగంట ముందుకు జరపడం.

1988 జనవరిలో ఒక గురువారం. ఒంట్లో నలతగా ఉందని ఆమె ఆఫీస్‌కి వెళ్లలేదు. నేనూ సెలవు పెట్టాను. శనివారం మంచు పడుతుందని మధ్యాహ్నం రేడియోలో చెప్పగానే లేచి, వంటింటి గోడకున్న ఫోన్ తీసి బస్సు కంపెనీకి చేసింది. బాస్కెట్‌బాల్ జట్టు అమ్మాయిలు ఒహాయో వెళ్లాలి, ఎనిమిదికి కాకుండా ఏడున్నరకి పంపమని చెప్పింది. అవతలివాడు ఏమన్నాడో గానీ, నవ్వి, "వెనక్కి కాదు బాబూ, ముందుకే" అన్న అర్థం వచ్చేలా రెండుసార్లు చెప్పింది. ఫోన్ పెట్టేసి క్యాలెండర్‌లో ఎనిమిది కొట్టేసి ఏడున్నర వేసింది. గుండెల్లో పట్టేసినట్టుందంటూ కుర్చీలో కూర్చుంది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

శనివారం పొద్దున్న ఏడున్నరకి బస్సు వచ్చిందట. అమ్మాయిలు మంచు కంటే ముందే ఊరు దాటారు. ఆ రోజు గెలిచారు కూడా.

బాలమణి నా భార్య. మిషిగన్‌లో ఎల్మ్‌ఫీల్డ్ యూనివర్సిటీ ఆటల విభాగంలో తొమ్మిదేళ్లు సెక్రటరీగా చేసింది. మేం 1978లో మా అమ్మాయి ఉషను తీసుకుని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చాం. నాది కార్ల విడిభాగాల కంపెనీలో డ్రాఫ్టింగ్ పని. బాలమణి రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో టైపిస్టుగా చేసిన మనిషి. ఇక్కడ ఇంట్లో కూర్చోలేక, పేపర్‌లో ప్రకటన చూసి వెళ్లింది. ఆటల డైరెక్టర్ హల్వర్సన్ ఆరున్నర అడుగుల మనిషి. ఆటల గురించి నీకేం తెలుసని అడిగాడట.

"ఏమీ తెలియదండీ. నిమిషానికి అరవై మాటలు టైప్ చేస్తాను" అందట.

ఆయన నవ్వి ఉద్యోగం ఇచ్చాడు.

ఆఫీసులో జరిగినవన్నీ రోజూ సాయంత్రం కాఫీ తాగుతూ చెప్పేది. ఆమె చెప్పేటప్పుడు అందరూ తెలుగే మాట్లాడేవాళ్లు. హల్వర్సన్ అయితే అచ్చంగా గోదావరి జిల్లా మనిషిలా "ఏవండోయ్ బాలమణిగారూ" అనేవాడు. నాలుగేళ్ల తర్వాత నేను ఆయన్ని మొదటిసారి కలిసినప్పుడు ఇంగ్లీషు మాట్లాడితే కాస్త వింతగా అనిపించింది.

చేరిన మొదటి వారంలోనే పొరపాటు పడింది. కాన్ఫరెన్స్‌కి లిస్టు తయారు చెయ్యమంటే ఎన్ని కుర్చీలు కావాలని అడిగిందట. మనకు కాన్ఫరెన్స్ అంటే సభ కదా. తర్వాత తెలిసింది, కాన్ఫరెన్స్ అంటే ఇక్కడ ఎనిమిది యూనివర్సిటీల కూటమి అని. ఏటా వీళ్లలో వీళ్లే ఆడుకుంటారు, గెలిచినవాళ్లు పై పోటీలకు వెళతారు.

ఆ పనిలో ఆమె మనసు పెట్టింది ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు మీద. మగపిల్లలకి పెద్ద బస్సు ఉండేది. ఆడపిల్లలు రెండు పాత వ్యాన్‌లలో వెళ్లేవాళ్లు. వాళ్ల కోచ్ ప్యాట్ ఒకటి తనే నడిపేది. ఒకసారి చలికాలంలో వ్యాన్ హీటర్ పాడై, పదకొండు మంది పిల్లలు దుప్పట్లు కప్పుకుని తిరిగొచ్చారు. మర్నాడు బాలమణి ఎవరినీ అడగకుండా, వాళ్లకీ పెద్ద బస్సు బుక్ చేసింది. హల్వర్సన్ ఇదేమిటంటే, "మీరు సంతకం పెట్టారండీ. మామూలు కాగితాల్లోనే ఉంది" అందట.

1982లో ఆ ఎనిమిదింట్లో నాలుగు యూనివర్సిటీలు కాన్ఫరెన్స్ వదిలి పోతున్నామని ప్రకటించాయి. హల్వర్సన్ బోర్డు మీద మూడు దారులు రాశాడు. నాకు అర్థం కావడం లేదంటే బాలమణి ఇలా చెప్పింది.

"ఉమ్మడి ఇంట్లో ఎనిమిది మంది అన్నదమ్ములు. నలుగురు వేరుపడ్డారు. మిగిలిన ముగ్గురితో ఆ పాత ఇంట్లోనే ఉండొచ్చు, కానీ ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. ఒంటరిగా బతకొచ్చు, కానీ ఆడటానికి ఎవరు పిలుస్తారు? లేదంటే ఇంకో ఇంటికి దత్తు పోవాలి."

"దత్తు ఎవరు తీసుకుంటారు?"

"త్రీ రివర్స్ అని ఒహాయోలో ఒక కాన్ఫరెన్స్ ఉంది. ఒక్క చోటు ఖాళీ. మాతో కలిపి ముగ్గురం అడుగుతున్నాం."

"రాకపోతే?"

ఆమె కప్పు కింద పెట్టింది. "ఒంటరిగా ఉండాల్సి వస్తే ముందు ఆడపిల్లల జట్టే తీసేస్తారట. ఇవాళ చెప్పాడు. డెనీస్ లాంటి పిల్లలకి చదువు కూడా దాంతోనే అండీ."

డెనీస్ ఆ జట్టులో పొడుగు పిల్ల. తల్లి యూనివర్సిటీ క్యాంటీన్‌లో పని చేసేది. ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీదే ఆ పిల్ల చదువుతోంది. జట్టు పోతే అదీ పోతుంది.

త్రీ రివర్స్ వాళ్లు దరఖాస్తు కోసం పద్నాలుగు పేజీల కాగితాలు పంపారు. టైప్ చేసేది తనే కాబట్టి బాలమణి ప్రతి పేజీ చదివింది. మూడో పేజీలో, వచ్చే ఏడాది నుంచి ఆడపిల్లల ఆటలు కూడా తమ కాన్ఫరెన్స్ కిందే జరుగుతాయని, కొత్తగా చేరేవాళ్ల ఆడజట్టు ఎలా ఉందో చూస్తామని రాసి ఉంది. ఆమె ఆ పేజీ తీసుకెళ్లి హల్వర్సన్‌కి చూపించింది.

"అది అందం కోసం రాసిన పేజీ బాలమణిగారూ. వాళ్లు చూసేది మగపిల్లలనే" అన్నాడట.

ఆ తర్వాత పెళ్లిచూపుల లాంటి ఘట్టం వచ్చింది. ముగ్గురు సభ్యుల కమిటీ 1983 ఫిబ్రవరి పందొమ్మిది శనివారం చూడటానికి వస్తుంది. ఆ రోజు ఊళ్లో ఆటే లేదు. పన్నెండున మాత్రం మగపిల్లలకి పక్క ఊరి జట్టుతో ఆట ఉంది, హాలంతా నిండుతుంది. ఒక వారం ముందుగా రమ్మని ఉత్తరం రాయమని హల్వర్సన్ చెప్పాడు. బాలమణి రాజమండ్రి ఆఫీసు ఇంగ్లీషులో, "కైండ్లీ ప్రీపోన్ ది విజిట్ బై వన్ వీక్" అని టైప్ చేసి పంపింది.

వారానికి జవాబు వచ్చింది. మీరు కోరినట్టే ఒక వారం వాయిదా వేశాం, ఇరవయ్యారున వస్తాం.

హల్వర్సన్ డిక్షనరీ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడట.

"ప్రీపోన్ ఎక్కడుందో చూపించండి."

"మా దేశంలో ఉందండీ."

"ఈ దేశంలో లేదు. పోస్ట్‌పోన్‌ని తప్పు రాశారనుకున్నారు వాళ్లు."

ఇరవయ్యారున మగపిల్లలు ఊళ్లో ఉండరు. హాల్లో ఉన్నది ఆడపిల్లల ఆట ఒక్కటే. మళ్లీ తేదీ మార్చమంటే మనకే నిలకడ లేదనుకుంటారని ఆయన తల పట్టుకున్నాడు. బాలమణి క్షమాపణ చెప్పుకుంది. ఉద్యోగం పోతుందేమోనని నేను భయపడ్డాను. ఆమె మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆ ఆదివారం దామోదర్ భోజనానికి వచ్చాడు. మా కంపెనీలోనే ఇంజనీరు, మా వైపు తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. సంగతి విని పడీ పడీ నవ్వాడు.

"ఏమ్మా ప్రీపోన్ బాలమణీ, భోజనం ప్రీపోనా, పోస్ట్‌పోనా?"

"మీకు మాత్రం పోస్ట్‌పోన్ అన్నయ్యగారూ. ముందు ఒక పని చేసిపెట్టండి. ఇరవయ్యారున మా కాన్ఫరెన్స్ వాళ్లు వస్తున్నారు. హాల్లో రెండు వేల సీట్లు. ఆడపిల్లల ఆటకి నూటయాభై మంది రారు. మనవాళ్లను తీసుకురండి."

"ఎంతమందిని?"

"ఎంతమంది ఉంటే అంతమందిని."

"అదెంత పని, చెల్లెమ్మా" అంటూ దామోదర్ పప్పులో నెయ్యి వేసుకున్నాడు. ఆ నేతిలో మిగతా మాటలు జారిపోయినట్టున్నాయి. ఆయన చెవిలో మిగిలింది కాన్ఫరెన్స్ ఒక్కటే. రెండు వారాలు ఫోన్ వదల్లేదు. శనివారం రెండింటికి ఎల్మ్‌ఫీల్డ్‌లో కాన్ఫరెన్స్, కుటుంబాలతో రండి అని డెట్రాయిట్ నుంచి టొలీడో దాకా చెప్పాడు.

ఇరవయ్యారున మేం కార్ దిగేసరికి పార్కింగ్ అంతా మనవాళ్లే. పట్టుచీరల మీద మంచు కోట్లు, కాళ్లకు బూట్లు, చేతుల్లో పులిహోర గిన్నెలు. తల నిండా ప్లాస్టిక్ మల్లెపూలు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దామోదర్ సూట్ వేసుకుని, జేబులో నాలుగు పేజీల స్వాగతోపన్యాసంతో వచ్చాడు.

"స్టేజీ ఏదమ్మా?" అన్నాడు, హాల్లో బంతి ఎగరేస్తున్న పిల్లల్ని చూస్తూ.

"స్టేజీ ఏమిటి అన్నయ్యగారూ?"

"కాన్ఫరెన్స్‌కి స్టేజీ ఉండదా? వీళ్లెవరు? ప్రార్థనాగీతం పాడేవాళ్లా?"

బాలమణి ఆయన మొహం వైపు చూసింది, తర్వాత పట్టుచీరల వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కూర్చోండి. ఆకుపచ్చ బట్టలు వేసుకున్నవాళ్లు మనవాళ్లు. వాళ్లు బంతి వేస్తే చప్పట్లు కొట్టండి. అదే కాన్ఫరెన్స్."

వచ్చినవాళ్లు వెనక్కి పోలేరు. గంటన్నర మంచులో డ్రైవ్ చేసి వచ్చారు. డెనీస్ తల్లి క్యాంటీన్ వాళ్లందర్నీ తెచ్చింది. బాలమణి హాస్టళ్లలో అంటించిన కాగితాలు చూసి విద్యార్థులూ వచ్చారు. రెండున్నరకల్లా పై వరసలు కూడా నిండిపోయాయి.

మొదటి పది నిమిషాలు మనవాళ్లు మర్యాదగా కూర్చున్నారు. తర్వాత ఒక పెద్దావిడ లేచి, "ఆ పొడుగు పిల్లకి ఇవ్వండర్రా బంతి" అని అరిచింది. ఏమి అద్భుతమో, బంతి డెనీస్‌కే వెళ్లింది, లోపల పడింది. ఇక హాలును ఆపడం ఎవరి తరం కాలేదు. "వెయ్యి, వెయ్యి" అని మూడు వందల గొంతులు. వెనక వరస విద్యార్థులు రెండో సగానికల్లా అదే అందుకున్నారు. అర్థం తెలియకుండానే "వెయ్యి, వెయ్యి" అని కాళ్లతో తాళం వేశారు. ఉష సిగ్గుతో మొహం దాచుకుంది, "అమ్మా, దిసీజ్ సో ఎంబరాసింగ్, ఆపమని చెప్పు వాళ్లకి" అంటూ. కాసేపటికి చూస్తే తనూ బెంచీ ఎక్కి అరుస్తోంది.

పదిహేడు పాయింట్ల తేడాతో గెలిచారు. కమిటీ ముగ్గురూ పులిహోర తిన్నారు. అందులో ఒకావిడ, తమ కాన్ఫరెన్స్‌లో ఆడపిల్లల ఆటకి ఇంత జనాన్ని ఎక్కడా చూడలేదని హల్వర్సన్‌తో అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, మా దగ్గర ఎప్పుడూ ఇంతేనన్నట్టు తలూపాడు. దామోదర్ తన స్వాగతోపన్యాసం పార్కింగ్‌లో చదివి గానీ వదల్లేదు.

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. ముగ్గురిలో ఎల్మ్‌ఫీల్డ్‌నే తీసుకున్నారు. కారణాల్లో మొదటిది ఆడపిల్లల జట్టు. హల్వర్సన్ ఆ ఉత్తరం, దానితో పాటు డిక్షనరీ తెచ్చి బాలమణి బల్ల మీద పెట్టాడు. పీ అక్షరం పేజీలో అంచున పెన్‌తో ప్రీపోన్ అని రాసి ఉంది. దాని పక్కన ఆయన సంతకం. డెనీస్ చదువు పూర్తి చేసి టీచరైంది. ఆ తర్వాతి పిల్లలు, ఆ తర్వాతి పిల్లలు బస్సులో హాయిగా ఒహాయో వెళ్లొచ్చారు.

ఆ పొరపాటు కథ మాత్రం మా ఇంట్లో నిలిచిపోయింది. ఎవరు భోజనానికి వచ్చినా నేనే చెప్పేవాణ్ణి, మా ఆవిడకి ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడం వల్ల ఒక యూనివర్సిటీ బాగుపడిందని. పిల్లలు ప్రీపోన్ ఆంటీ అని పిలిచేవాళ్లు. ఆమె వడ్డిస్తూ నవ్వేది. ఒక్కసారీ నా మాటకి అడ్డు చెప్పలేదు.

ఆమె పోయిన రెండు నెలలకి, 1988 మార్చిలో, ఎల్మ్‌ఫీల్డ్ ఆడపిల్లలు త్రీ రివర్స్ ఫైనల్‌కి వచ్చారు. కోచ్ ప్యాట్ మమ్మల్ని రమ్మంది. ఉష డ్రైవ్ చేసింది. ముందు వరసలో మా రెండు సీట్ల మధ్య ఒకటి ఖాళీగా ఉంచారు. "అమ్మది నాన్నా. వాళ్లు బుక్ చేశారు" అంది ఉష. దామోదర్ ముప్ఫై కార్లలో మనవాళ్లను తెచ్చాడు. ఈసారి ఎక్కడికి తెస్తున్నాడో అందరికీ తెలుసు. "వెయ్యి, వెయ్యి" అంటే ఒహాయో వాళ్లూ ఇదేదో ఎల్మ్‌ఫీల్డ్ ఆనవాయితీ అనుకున్నారు. తొమ్మిది పాయింట్లతో గెలిచారు. గెలిచినవాళ్లు బుట్టకున్న వలను కత్తిరించుకోవడం ఇక్కడి పద్ధతి. అమ్మాయిలు నిచ్చెనెక్కి తలో ముక్కా కత్తిరించారు. చివరి ముక్క కెప్టెన్ తెచ్చి ఆ ఖాళీ సీటులో పెట్టింది.

హాలు ఖాళీ అవుతుంటే తెల్లజుట్టు ఆవిడ ఒకరు వచ్చి పలకరించారు. పేరు లొరెయిన్. త్రీ రివర్స్ ఆఫీసులో ఇరవయ్యేళ్లు సెక్రటరీగా చేసి అప్పుడే రిటైరయ్యారట. బాలమణితో ఫోన్‌లో తప్ప ఎప్పుడూ కలవలేదన్నారు. నేను అలవాటు చొప్పున ఆ ప్రీపోన్ కథ మొదలుపెట్టాను.

ఆవిడ నా మాట మధ్యలోనే తల అడ్డంగా ఊపారు.

"ఆ ఉత్తరం తెరిచింది నేనే. ఆ మాట తెలియక ఆమెకి ఫోన్ చేసి అర్థం అడిగాను. అది చెప్పకుండా, ఇరవయ్యారున మీవాళ్లకి వీలవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. అయితే ఆ మాటకి వెనక్కి జరపడం అని అర్థం, అంది."