ఎడమ భుజం మీద చీరలు

నేను చెప్పబోయేది మహాకావ్యం. ఇందులో యుద్ధం, రథం, మృత్యువుతో ముఖాముఖి అన్నీ ఉన్నాయి. సరే, యుద్ధం లేదు. రథమంటే తోపుడుబండి. మా నాన్నకు చెమట పట్టింది, అంతే కథ.

నాన్న ముప్పై ఏళ్లు చిక్కపేట బజారులో ఒక టోకు చీరల అంగట్లో పనిచేశాడు. కాలేజీ లేని శనివారాల్లో నేనూ వెళ్లేవాణ్ణి. కొత్త చీరల గంజి వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ ఆ అంగడి ఇరుకు మెట్లే గుర్తొస్తాయి. మడత విప్పి, కొంగు ఎడమ భుజం మీద వేసుకుని, ఆ మీసాలతోనే వయ్యారంగా తిరిగేవాడు నాన్న.

"చూడమ్మా, నాకే ఇంత బాగుండాది, మీకెట్లుంటాదో!"

ఆడవాళ్లు నవ్వుతూనే ఇంకో రెండు తీసిపెట్టమనేవారు. పొద్దంతా అలా చీరలేసిన భుజం సాయంత్రానికి నొయ్యడం మా ఇంట్లో వార్త కాదు.

అందుకే ఆ శనివారం పొద్దున్నే ఎడమ చెయ్యి లాగుతోందంటే నేను పట్టించుకోలేదు. దవడ కూడా లాగుతోందన్నాడు.

"అంతసేపు మాట్లాడితే దవడ నొయ్యదా?" అన్నాను. నా జోకుల్లో నాకే నవ్వు రానిది అదొక్కటే.

కాసేపటికి గుండెల మీద బరువన్నాడు. "గ్యాసు రా. ఒక సోడా తెప్పీ." తాగాడు, తేన్చాడు, ఇంకో చీర విప్పాడు. అది సగంలో వదిలేసి కొనేవాళ్ల ముందే కూలబడ్డాడు. నాన్న అంగట్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది, చొక్కా మాత్రం తడిసి వీపుకు అతుక్కుంది.

మూటలు దించుతున్న ముసలి హమాలీ ఆ చెమట చూశాడు.

"మా అన్న గూడా గ్యాసే అన్న్యాడప్పా. రెండో సోడా తాగనీకి లేడు. లెయ్, ఆస్పత్రికి పోదాం."

"ఈ ఒక్క చీర మడిచి..."

"సుమ్నే ఉండప్పా! నోరు మూసుకోని బండెక్కు."

ఆ సందులోకి ఆటో రాదు. మూటల మీద నాన్న, ముందు లాగుతూ హమాలీ, వెనక తోస్తూ నేను. "ఆ ఏడుపు మొహమేందిరా? సరుకు మాదిరి పోతాండేది నేను గదా," అన్నాడు నాన్న. నేను బండిని ఇంకా గట్టిగా తోశాను.

పెద్ద రోడ్డు మీద ఆటో దొరికింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసి, గ్యాసు కాదు, గుండెపోటన్నారు. "ఇంకో గంట ఆగుంటే..." అని డాక్టరు ఆగిపోయారు.

నాన్న బతికాడు, అంగడి మానేశాడు. ఆ వయ్యారం ఇంకొక్కసారి చూడాలని నాకుంటుంది. కానీ పొద్దున్నే మా ఇద్దరి మధ్య నడిచే సంభాషణ ఒక్కటే: రక్తం పలచబడే మాత్ర టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి.