మనిషిని గుర్తుపట్టిన ముల్లు

రాజమండ్రి దగ్గర గోదావరికి ఇంకా వంతెన లేని రోజులవి. మా తంతి ఆఫీసుకి, తీగలో విద్యుత్తు పారుతోందో లేదో చూపే మీటరు కావలసి వచ్చింది. ఎంచుకోమని రెండు పంపారు. మా తంతి మాస్టారు మొదటిదాని మీదికి వంగితే ముల్లు కదల్లేదు. రెండోదాని మీదికి వంగగానే ఆయన వైపు తిరిగింది. "చూశారాండి, ఇది మనిషిని గుర్తుపడుతోంది" అని దాన్నే ఉంచుకున్నారు.

అది గుర్తుపట్టింది ఆయన మొలలో దోపుకున్న ఇనుప తాళాలగుత్తిని. దిక్సూచి ముల్లు కూడా ఇనుము దగ్గరికొస్తే అలాగే తిరుగుతుంది. తాళాలు తీసి పక్కన పెట్టి చూడమన్నాను. వాటి మీద నాకు కన్నుందనుకున్నారు.

గాలివాన వెలిసిన మర్నాడు కొవ్వూరు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మాస్టారు మీటరు మీదికి వంగారు. ముల్లు వినయంగా తిరిగింది.

"తీగ నిక్షేపంగా ఉందండి. వాళ్లే నిద్రపోతున్నారు. వెళ్లి లేపి రండి."

పడవెక్కి గోదావరి దాటాను. కొవ్వూరు గుమాస్తాలు మేలుకునే ఉన్నారు. తెగిపడిన తీగను రెండు చెట్లకి కట్టి పంచెలు ఆరేసుకుంటున్నారు.

తిరిగొచ్చి ఆ సంగతి చెప్పాను. మాస్టారు మళ్లీ వంగి, ముల్లు తిరిగేదాకా చూశారు.

"మీరు చెబుతున్నారు గానీ, ఇది ఒప్పుకోవడం లేదండి" అన్నారు.